సీమకుక్కకు గుండు

పోయిన నెల చిత్తూరులో మా చిన్నమ్మాయి ఇంట్లో కొన్నాళ్లు ఉండి వచ్చాను. ఆ ఇంట్లో మనుషులకు జరిగే సేవ కంటే కుక్కకు జరిగే సేవ ఎక్కువ. చూస్తే పిడికెడు ప్రాణం, ఒళ్లంతా బారెడు బొచ్చు. కుర్చీల మీద, దిండ్ల మీద, ఆరేసిన బట్టల మీద, నా నల్లంచు చీర మీద, ఎక్కడ చూసినా దాని బొచ్చే. మా అమ్మాయి పొద్దున లేచి ఒక మిషను పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది, ఆ మిషను బొచ్చంతా పీల్చుకుంటుంది. సాయంత్రం దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని దువ్వుతుంది. పైబొచ్చుకు ఒక దువ్వెన, అడుగున ఉండే మెత్తటి నూగుకు ఇంకొకటి. ఇంత చేసినా రాలేది రాలుతూనే ఉంటుంది. ఒకరోజు మా అల్లుడు ప్యాంటుకు అంటుకున్న బొచ్చు దులుపుకుంటూ, ఒకసారి గుండు కొట్టించేస్తే పీడ పోతుంది గదా అని విసుక్కున్నాడు. మా అమ్మాయి దువ్వడం ఆపకుండానే, "ఈ జాతికి గుండు మాత్రం కొట్టించకూడదంట. లోపలి బొచ్చు మళ్లీ సరిగా రాదంట, ఎండకు ఒళ్లు మాడిపోతుందంట. డాక్టరు మరీమరీ చెప్పినాడు" అంది. నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ మాట చెప్పేవాళ్లు మా చిన్నప్పుడు తిరుపతిలో మాకెవరూ దొరకలేదు. దొరికి ఉంటే మా రత్నమ్మ పిన్నికి ఏమైనా మేలు జరిగేదా అని, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దారి పొడుగునా అదే ఆలోచన.

మా నాయనకు తిరుపతిలో భోజనం హోటలు ఉండేది. హోటలంటే ఇప్పటివాళ్లు బల్లలూ కుర్చీలూ ఊహించుకుంటారు. అవేమీ లేవు. మా ఇంటి ముందు భాగమే హోటలు, వెనక భాగంలో మేము. పొడుగాటి హాలులో నేల మీద చాపలు పరిచి, విస్తర్లు వేసి, పంక్తిలో వడ్డించడమే. మా ఇంట్లో తెల్లవారేది వాసనలతో. ముందు కట్టెల పొగ, తర్వాత నానేసిన చింతపండు, ఆ తర్వాత ఇంగువ. తడిపిన విస్తరాకుల పచ్చి వాసన పగలంతా ఉండేది. వీధిలోకి వస్తే గంధం వాసన. కొండ మీద తలనీలాలు ఇచ్చి అలిపిరి మెట్లు దిగి వచ్చే ప్రతి గుండుకూ గంధం పూసి ఉండేది గదా. పెద్ద గుండ్లు, చిన్న గుండ్లు, చంకలో నిద్రపోయే పసిగుండ్లు. నిండుగా జుట్టున్న తల కనబడితేనే మాకు కొత్తగా ఉండేది. మా నాయన భుజాన తువ్వాలు వేసుకుని పంక్తి చివర నిలబడేవాడు. ఆయన తినేవాళ్ల ముఖాలు చూడడు, విస్తర్లు చూస్తాడు. ఎవరి విస్తట్లో ఏది మిగిలింది, ఎవరి చేయి ఎక్కడ ఆగింది, అదే ఆయన ధ్యాస. నాయన తల్లి, మా అవ్వ, అరుగు మీద కూర్చుని ఆకూవక్క నములుతూ ఊళ్లో ప్రతి సంగతికీ తీర్పు చెప్పేది. ఆమె తీర్పుకు మా ఇంట్లో పైకోర్టు లేదు.

రత్నమ్మ పిన్ని మా అమ్మకు చెల్లెలు. ఆమె భర్తను నేను చిన్నాయన అనేదాన్ని. ఆయనది తడ దగ్గర పల్లె, మద్రాసులో ఒక దొరకు కారు తోలేవాడు. యుద్ధం రోజులవి. మద్రాసు మీద బాంబులు పడతాయని జనం మూటాముల్లె కట్టుకుని ఊరు వదిలినప్పుడు, ఆ దొరసాని కూడా ఓడెక్కి తన దేశం వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ తన కుక్కను చిన్నాయన చేతిలో పెట్టింది. ఆయన మిలిటరీలో లారీ డ్రైవరుగా చేరాడు. చేరబోయే ముందు పెళ్లాన్నీ కుక్కనూ తెచ్చి మా ఇంట్లో దిగబెట్టాడు. కుక్క పేరు బెట్టీ. తెల్లగా బూరుగుదూది మూటలాగా ఉండేది. కళ్లూ ముక్కూ కలిసి మూడు నల్ల చుక్కలు, తక్కిన ఒళ్లు ఆ బొచ్చులో ఎక్కడుందో తెలిసేది కాదు. వీధిలో పిల్లలందరూ దాన్ని సీమకుక్క అనేవాళ్లు. చిన్నాయన జట్కా ఎక్కుతున్నప్పుడు నేను కుక్క తాడు పట్టుకుని పిన్ని పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన పెద్దగా ఏమీ మాట్లాడలేదు. అక్క మాట వినమన్నాడు, ఒళ్లు జాగ్రత్తగా చూసుకోమన్నాడు. బండి కదలబోతుంటే వంగి కుక్క తల మీద చేయి వేసి, "నేనొచ్చేదాకా దీన్ని పోగొట్టద్దు రత్నా" అన్నాడు. అప్పటికి పిన్నికి పెళ్లయి ఏడాది కూడా నిండలేదు. అత్తామామలు లేరు, కడుపున కాయ లేదు. మొగుడు తన చేతికి అప్పజెప్పి పోయింది ఆ కుక్క ఒక్కటే.

వచ్చిన కొత్తలో బెట్టీ అందరికీ ముద్దే. పంక్తి అయ్యాక మిగిలిన పెరుగన్నం తిని, నాయన చెప్పుల మీద పడుకునేది. ఎండలు ముదిరేసరికి దాని బొచ్చు ఊడడం మొదలైంది. జబ్బేమో అనుకున్నాం. జబ్బు కాదు, దాని తీరే అంత. ఏడాది పొడుగునా కొంచెం కొంచెం రాలేది, ఎండలకు ముందొకసారి, వానల తర్వాత ఒకసారి పాయలు పాయలుగా ఊడేది. గాలికి లేచేది. తిరగలి కింద చేరేది, ఉట్టి మీదికి ఎక్కేది, దేవుడి పటాల మీద పూలదండలకు చుట్టుకునేది. తడి ఎక్కడుంటే అక్కడ అతుక్కునేది, భోజనం హోటల్లో తడి లేని చోటు ఏముంటుంది. తెల్ల వెంట్రుక తెల్లన్నంలో కనబడదు. పెరుగులో కనబడదు, రోట్లో రుబ్బుతున్న పిండిలో కనబడదు. వడ్డించేవాళ్లకు కనబడకుండా దాక్కుని, చారు పోసుకున్నాక తినేవాళ్లకు కనబడేది.

పిన్ని ఓటమి ఒప్పుకునే మనిషి కాదు. పొయ్యి వెలిగించక ముందే కుక్కను చంకన వేసుకుని బావి అవతల పేడదిబ్బ దగ్గరికి పోయేది. కొంగు ఎగరేసి గాలి ఎటు వీస్తోందో చూసుకుని, బొచ్చు ఇంటివైపు రాని దిక్కున కూర్చునేది. ముందు చెక్క దువ్వెనతో పైపైన, తర్వాత పేన్ల దువ్వెనతో అడుగుదాకా. వచ్చిన బొచ్చును అరచేతుల్లో ఉండచుట్టి దిబ్బలో పూడ్చేది. పూడ్చకపోతే పిచ్చుకలు ఎత్తుకొచ్చి మా వంటింటి చూరులోనే గూడు కట్టేవి, అక్కడినుంచి మళ్లీ గిన్నెల్లోకి రాలేది. కుక్క పనికి ఒక చీర, వంటింటి పనికి ఒక చీర, మధ్యలో బావి దగ్గర స్నానం. చలికాలంలో కూడా అంతే. ఆముదం రాస్తే కుదుళ్లు గట్టిపడతాయని ఎవరో చెబితే రాసింది. కుదుళ్లు గట్టిపడలేదు సరికదా దుమ్మంతా పట్టి కుక్క మసిగుడ్డలాగా తయారైంది. ఆ జిడ్డు వదలడానికి సీకాయతో రుద్ది రుద్ది తన వేళ్లు ఒరుసుకుపోయాయి. అమ్మ పాత రవికలు చింపి దానికి చొక్కాలు కుట్టింది. చొక్కా వేసినన్నాళ్లూ బాగానే ఉండేది, విప్పినప్పుడు లోపల దాచుకున్న బొచ్చంతా ఒక్కసారిగా లేచి వచ్చేది. వడ్డన గిన్నెలన్నిటికీ పలచటి గుడ్డలు కట్టేది. ఆ గుడ్డలు కట్టేటప్పుడు ఆమె చేతి గాజుల సందున ఇరుక్కున్న వెంట్రుక గిన్నెలో పడేది. ఇంత కష్టం చూసి దేవుడికైనా జాలి కలగాలి గదా అనుకునేదాన్ని. కలగలేదు.

మా ఊరి తమాషా ఒకటి చెప్పాలి. కొండ మీద తల నిండా జుట్టు ఇచ్చి దిగి వచ్చిన మనిషి, మా విస్తట్లో ఒక్క వెంట్రుక చూసి చేయి కడుక్కుని లేచిపోయేవాడు. అందులో ఆయన తప్పేమీ లేదు, అన్నంలో వెంట్రుక వస్తే ఆ అన్నం వదిలేయడం మా ఇంట్లోనూ పద్ధతే. కొందరు ఆ వెంట్రుకను వెలుతురుకు ఎత్తి పట్టి ఎవరిదా అని చూసేవాళ్లు. మా ఇంట్లో తెల్లజుట్టు మనిషి అవ్వ ఒక్కతే కాబట్టి కొన్నాళ్లు నింద ఆమె మీద పోయింది. అవ్వకు బెట్టీ మీద పగ అక్కడ మొదలైంది. నాయన మాత్రం ఓర్చుకున్నాడు. బియ్యానికి రేషను పెట్టిన కాలం, గింజ దొరకడమే కష్టంగా ఉన్నప్పుడు నిండు విస్తర్లు అలా ఆవుల పాలవుతుంటే ఆయన ముఖం చూడలేకపోయేవాళ్లం. అయినా పిన్నిని ఒక్క మాట అనేవాడు కాదు.

వేలూరు నుంచి పెళ్లివాళ్లు వచ్చిన రోజున ఆ ఓర్పు అయిపోయింది. కొండ మీద పెళ్లి చేసుకుని దిగివచ్చి, మొదటి భోజనం మా దగ్గర కూర్చున్నారు. నాయన దగ్గరుండి పాయసం చేయించాడు. హాలంతా సందడి. కొత్త పెళ్లికూతురి చేయి పాయసం దగ్గర ఆగింది. పక్కన కూర్చున్న ముసలామె ఆ పిల్ల వేళ్ల నుంచి వెంట్రుకను లాగి అరవంలో ఏదో మెల్లగా చెప్పింది. గొడవేమీ చేయలేదు. ఆమె లేచింది, పెళ్లికూతురు లేచింది, తర్వాత పంక్తి మొత్తం ఒకరి తర్వాత ఒకరు లేచిపోయారు. నాయన గుమ్మం దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు. వాళ్లలో ఎవరూ ఆయన వైపు చూడలేదు. అందరూ పోయాక ఆయన ఆ విస్తర్ల మధ్య చాప మీద కూలబడ్డాడు. నాయన అలా కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు.

పిన్నితో ఆయన ఎప్పుడూ నేరుగా మాట్లాడడు. ఆ రోజు కూడా అమ్మ వైపు చూస్తూనే అన్నాడు. "మీ చెల్లెలికి చెప్పు. చంద్రగిరిలో మనకు కట్టెలు తోలే ఆయన తోట ఉండాది. కుక్కను ఆడ విడిచిపెడదాం. తిండికేం లోటుండదు. ఈడైతే ఇంక నాకు చేతగాదు."

పిన్ని వంటింటి తలుపు పక్కనుంచి అడిగింది. "ఆయనొచ్చి కుక్క యాడ అంటే నేనేం చెప్పేది బావా?"

"తోటలో ఉండాదని చెప్పమను" అన్నాడు నాయన, అమ్మ వైపే చూస్తూ.

"తోటలో నక్కలు పట్టుకోని పోతే? పోగొట్టద్దని నాకు చెప్పి పోయినాడు ఆ మనిషి. ఇంకేమీ చెప్పలేదు. పంపాలంటే నన్నూ దాంతోపాటే పంపిచ్చేయండి." ఏడుపు లేదు, కోపం లేదు, మామూలుగానే అంది. నాయన తల దించుకున్నాడు. మరదలిని తోటలో వదిలి వచ్చేంత కఠినుడు కాడాయన, ఇంకో పంక్తి లేచిపోతే తట్టుకునేవాడూ కాదు.

అప్పుడు అరుగు మీది నుంచి అవ్వ తీర్పు వచ్చింది. "ఎందుకబ్బా ఇంత రాద్ధాంతం. మీకు కష్టం కుక్కతోనా, బొచ్చుతోనా? బొచ్చుతోనే గదా. ఊరంతా చేసేదే దానికీ చేయండి. గుండు కొట్టించండి."

"మళ్లా వస్తాదా అత్తా?" అంది పిన్ని.

"ఎందుకు రాదమ్మే. ఈ పాప పుట్టినప్పుడు తల ఎట్లుండె? నాలుగు పోగులు లేకపాయె. గుండు కొట్టించినాక సూడు." అవ్వ నా జడ పట్టుకుని అందరికీ చూపించింది. "గుండు కొడితే కుదురు గట్టిపడతాది. ఒత్తుగా వస్తాది. ఊడేదీ ఉండదు."

మా ఊళ్లో ఈ మాటను కాదనేవాళ్లు లేరు. పిల్లలకు జుట్టు పలచగా ఉంటే గుండు, పేలు పడితే గుండు, జ్వరం తగ్గితే గుండు. గుండు కొట్టించుకున్న ప్రతి తలా మళ్లీ నల్లగా నిండడం కళ్లారా చూస్తూ పెరిగినవాళ్లం, కుక్క ఒళ్లు వేరేగా ఉంటుందని ఎందుకు అనుకుంటాం. నాయనకు ఆ మాటతో ప్రాణం లేచి వచ్చింది. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. పిన్ని కుక్కను ఒళ్లోకి తీసుకుని, "మళ్లా వస్తాదంటలే" అని దానికే చెప్పింది.

మంగలిని పిలిపిస్తే మొదట వెనకడుగు వేశాడు. "మనుషులకు పెట్టే కత్తి కుక్కకు పెడితే రేపు నా ముందర ఎవురు తల వంచుతారు సామీ" అన్నాడు. చివరికి ఈ పని కోసమని, మూలన పడేసిన పాత కత్తి ఒకటి నూరి తెచ్చుకున్నాడు. అవ్వ మంచిరోజు చూసింది. పెరట్లో బావి గట్టు మీద పిన్ని బెట్టీని రెండు మోకాళ్ల మధ్య పట్టుకుంది. ముందు కత్తెర, తర్వాత కత్తి. వీధి పిల్లలంతా గోడెక్కి కూర్చుని, ఒక్కో పాయ కింద పడ్డప్పుడల్లా గోవిందా అని అరిచారు. మంగలి కూడా నవ్వాడు, నాయన కూడా నవ్వాడు. బెట్టీ మాత్రం వణుకుతూ పిన్ని ముఖం వైపే చూస్తూ ఉంది. అంతా అయ్యాక చూస్తే అది పందికొక్కంత కూడా లేదు. ఇన్నాళ్లూ మేము ముద్దుచేసింది బొచ్చునేనని అప్పుడు తెలిసింది. అవ్వ తన చేత్తోనే గంధం తీసి దాని ఒళ్లంతా పూసింది. ఆ రోజు పిన్ని చాలా కాలానికి నవ్వింది. "ఇంక నిన్ను ఎవురూ యాడికీ పంపరు" అంది. ఆ కొన్నేళ్లలో మా ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్న రోజు అదొక్కటే.

అది ఎండాకాలం. తిరుపతి ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. కొండలు వేడెక్కి ఆ వేడిని ఊరి మీదికి వదులుతాయి. బెట్టీ ఒళ్లు ముందు ఎర్రబడింది, తర్వాత బొబ్బలెక్కింది, ఆ బొబ్బలు చితికి పుండ్లయ్యాయి. ఈగలు ముసిరాయి. పిన్ని వేపాకూ పసుపూ నూరి రాసింది, కొబ్బరినూనె పట్టించింది, తడిగుడ్డ కప్పి నీడలో పడుకోబెట్టింది. పుండ్లు మానాయి గానీ, మానిన చోట చర్మం నల్లగా తోలులాగా మిగిలింది. బొచ్చు రాలేదు. వానలు వచ్చాయి, చలి వచ్చింది, రాలేదు. వీపు మీద అక్కడక్కడా ఉన్నిలాంటి పీచు లేచింది. మెడ చుట్టూ కొబ్బరిపీచు ముక్కల్లాగా గరుకు వెంట్రుకలు మొలిచాయి. అసలు ఘోరం ఏమిటంటే, ఆ కాస్తా ఊడడం మానలేదు. పాత బొచ్చు పొడుగ్గా ఉండేది కాబట్టి కనీసం ఏరడానికి చేతికి చిక్కేది. ఈ ముక్కలు చాపల్లో, చీరల్లో, వడ్డన గుడ్డల్లో గుచ్చుకుని దిగబడేవి, వేలికి దొరికేవి కావు. అవ్వ ఇంక ఏ తీర్పూ చెప్పలేదు. అరుగు మీద కూర్చుని కుక్క ఎదురొస్తే ముఖం పక్కకు తిప్పుకునేది.

చంద్రగిరి తోటాయన ఒకసారి కట్టెల బండితో వచ్చి బెట్టీని చూసి, "ఇట్లాంటిది నాకొద్దప్పా, పశువులకు అంటుకుంటాది" అని చెప్పి పోయాడు. దాన్ని పంపడానికి ఇంక చోటు కూడా లేకుండా పోయింది. అప్పుడు పిన్నే ఒక నిర్ణయానికి వచ్చింది. పెరటి చివర కట్టెల కొట్టం ఉండేది, తన చాపా కుక్కా అందులోకి మార్చుకుంది. వంటింట్లోకి రావడం మానేసింది. ఎవరూ రావద్దనలేదు. "నేను తాకితే బావకు విస్తరి విస్తరికీ అనుమానమే గదా" అనేది. మా హోటల్లో చారు పిన్ని చేతిదే, ఆ చారు కోసం మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు ఉండేవాళ్లు. ఆ చేతులు ఇప్పుడు కట్టెలు పేర్చేవి, పిడకలు చరిచేవి. అమ్మ రెండు పూటలా అన్నం తీసుకుపోయి కొట్టం గుమ్మంలో పెట్టి, చెల్లెలి పక్కన కాసేపు కూర్చుని వచ్చేది. ఒకసారి నేను వెంట వెళ్లినప్పుడు అమ్మ అంది. "ఒక కుక్క కోసరం ఇట్లా అయిపోతివే. దాన్ని యాడన్నా విడిచి ఇంట్లోకి రావే." పిన్ని కుక్క చెవుల వెనక గోకుతూ, "ఆయనొచ్చేదాకే గదక్కా. వచ్చినాక నాకు దీంతో ఏం పని" అంది.

యుద్ధం అయిపోయింది. మిలిటరీ నుంచి ఇళ్లకు వచ్చినవాళ్లు బతికి వచ్చినందుకు మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి వచ్చేవాళ్లు. ఖాకీ నిక్కర్లతో కొండెక్కి, గుండ్లతో దిగివచ్చి మా పంక్తిలో కూర్చునేవాళ్లు. నాయన ప్రతి ఒక్కరినీ చిన్నాయన పేరు చెప్పి అడిగేవాడు. లారీ డ్రైవర్లు ఎంతమంది లేరు పెద్దాయనా, మేమెట్లా చెప్పేది అనేవాళ్లు. పంక్తి వేళకు పిన్ని కొట్టం గుమ్మంలోకి వచ్చి నిలబడేది. అక్కడినుంచి చూస్తే హాలులో కూర్చున్నవాళ్ల వీపులు మాత్రమే కనబడతాయి. ఆ వీపులనే చూసి చూసి లోపలికి పోయేది. ఖాకీలు కూడా తగ్గిపోయాయి. ఇంక ఆయన లేడనే అమ్మ నమ్మేసింది, పైకి అనలేదంతే. బెట్టీ ముసలిదయింది. దాని కళ్లకు పొర కమ్మింది.

చిన్నాయన ఒక మధ్యాహ్నం, ముందు కబురేమీ లేకుండా, మామూలు చొక్కా పంచెతో వచ్చి మా గుమ్మంలో కాళ్లు కడుక్కున్నాడు. కాస్త లావయ్యాడు. యుద్ధం అయినాక బొంబాయిలో ఏదో గ్యారేజీలో పని దొరికితే అక్కడే ఉండిపోయాడట. కబురు పెట్టాలని అనుకుంటూ అనుకుంటూనే రోజులు గడిచిపోయాయట. ఆయన చెడ్డవాడని నేననను. అందరినీ పేరుపేరునా పలకరించాడు, నా తల నిమిరాడు, అవ్వ కాళ్లకు మొక్కాడు. నాయన ఆయనకు తన చేత్తో విస్తరి వేశాడు. అమ్మ పరుగెత్తుకుంటూ పోయి పిన్నిని పిలుచుకొచ్చింది. పిన్ని చీర మార్చుకోలేదు. కట్టెల దుమ్ముతోనే వచ్చి గోడ పక్కన నిలబడింది. వెనకే వాసన పట్టుకుంటూ బెట్టీ వచ్చింది.

చిన్నాయన పిన్నిని చూసి నవ్వాడు, కుక్కను చూసి విస్తరి ముందుకు లాక్కున్నాడు. "ఏందిది, గజ్జికుక్కను అన్నం కాడికి రానిస్తాండారు" అన్నాడు.

"బెట్టీ" అంది పిన్ని.

"ఏ బెట్టీ?"

"దొరసాని కుక్క."

"అరె, ఆ కుక్కా? ఇంకా ఉండాదా అది? దాని బొచ్చంతా ఏమైపాయె?" ఆయనకు నిజంగానే ఆశ్చర్యంగా ఉంది. "ఎవురికన్నా ఇచ్చేయాల్సింది గదా రత్నా. హోటలు పెట్టుకున్న ఇంట్లో ఇట్లాంటిది ఎందుకు?"

పిన్ని గొంతు చాలా చిన్నగా వచ్చింది. "మీరే గదా చెప్పినారు. నేనొచ్చేదాకా పోగొట్టద్దని."

"నేనా?" అన్నాడు చిన్నాయన. అన్నం కలపడం ఆపి, గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. మేమంతా ఆయన ముఖమే చూస్తున్నాం. "నేనెప్పుడు చెప్పినా? దొరసాని దాన్ని యాడన్నా విడిచిపెట్టమని ఇచ్చె. మద్రాసులో విడిచేదానికి మనసు రాక ఈడికి తోలుకొస్తి, అంతే." నవ్వబోయి, పిన్నిని చూసి ఆగిపోయాడు. నాయన చారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పిన్ని ఆ గిన్నె నాయన చేతిలోంచి తీసుకుని, వంగి మొగుడి విస్తట్లో చారు పోసింది. ఆ హాలులో ఆమె వడ్డించడం ఎన్నో ఏళ్ల తర్వాత అదే మొదలు. తర్వాత మజ్జిగ కూడా పోసి, ఎంగిలాకు తీసి, చోటు శుద్ధి చేసింది. బెట్టీ గుమ్మం దగ్గరే కూర్చుంది. దానికి కూడా చిన్నాయన గుర్తు లేడు.

మరుసటి రోజే వాళ్లు బొంబాయి ప్రయాణమయ్యారు. బెట్టీ మా దగ్గరే ఉండిపోయింది. దాన్ని తోటకు పంపేద్దామన్న నాయనే రోజూ కట్టెల కొట్టంలోకి పోయి, కలిపిన పెరుగన్నం చేత్తో పెట్టేవాడు. అది ఒకటి రెండు ముద్దలు తిని గుమ్మం వైపు చూసేది. వానాకాలం గడవలేదు, పోయింది. పిన్ని తర్వాత చాలాసార్లు మా ఇంటికి వచ్చింది, పిల్లలతో వచ్చింది, మంచి చీరలు కట్టుకుని వచ్చింది. కుక్క ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు. అమ్మ చెప్పలేదు. మా అమ్మాయి ఇంట్లో ఆ దువ్వెనలూ ఆ మిషనూ డాక్టరూ చూసినప్పుడు, ఇవన్నీ అప్పుడే ఉంటే బెట్టీ బొచ్చు దక్కేది, మా నాయన పరువు దక్కేది అనిపించింది. పుండ్లు లేకుండా, తెల్లగా, దొరసాని ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండేది. ఉంటే ఏమయ్యేది? చిన్నాయన దాన్ని వెంటనే గుర్తుపట్టి, ఇంకా ఉండాదా అని అడిగేవాడు. అంతకంటే ఏమీ మారేది కాదు. దీనికి ఇప్పటికీ నా దగ్గర మందు లేదు, ఏ డాక్టరు దగ్గరా ఉండదు. తలుచుకుంటే కోపం వస్తుంది, ఎవరి మీద చూపించాలో తెలియదు.

వాళ్లు ఊరికి పోయిన రోజు సంగతి చెప్పడం మిగిలిపోయింది. జట్కా వాకిట్లో నిలబడి ఉంది. చిన్నాయన ముందే ఎక్కి పెట్టె సర్దుకుంటున్నాడు. నాయన పిన్ని దగ్గరికి వచ్చి, మొదటిసారి నేరుగా ఆమెతోనే, "కుక్కను తోలుకోని పోమ్మా, రైల్లో నేను మాట్లాడతా" అన్నాడు. "వద్దులే బావా" అంది పిన్ని. అమ్మకు చెప్పింది, అవ్వకు మొక్కింది. బండి దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి నా ముందు నిలబడింది. నా రెండు భుజాలూ పట్టుకుని, బండిలో ఉన్నాయనకు వినబడకుండా మెల్లగా అడిగింది. "ఆ పొద్దు నువ్వు నా పక్కనే ఉండావు గదా పాపా. తాడు పట్టుకోని ఉంటివి. ఆ మాట చెప్పినాడు గదా?"

"చెప్పినాడు పిన్నీ" అన్నాను. "నేను విన్నాను."

పిన్ని తల ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకుని, పోయి బండెక్కింది.